‘సాత్ నవ్వే త్రేసష్ట్’ అని చెప్పి 36 రాసే అబ్బాయి

ప్రశ్న: టీచరమ్మా, నమస్తే. మాది సిరోంచ తాలూకాలో ఒక పల్లె. నా పుట్టిల్లు గోదారి అవతల, మహదేవపూర్ దిక్కు. పదో తరగతి దాకా తెలుగులోనే చదువుకున్నాను. మా ఆయనకు కిరాణా దుకాణం ఉంది. బాబు ఇక్కడి జిల్లా పరిషత్ బడిలో ఏడో తరగతి, మరాఠీ మీడియం. ఐదో తరగతి దాకా బాగానే ఉండేవాడు, ఇప్పుడు లెక్కల పేపర్ తెచ్చిన రోజు అన్నం తినడు. ట్యూషన్ సార్ ‘వీడికి పాఢే (ఎక్కాలు) రావు, రోజూ ఇరవై దాకా రాయించండి, ఇంట్లో లెక్కలు తెలుగులో మాట్లాడటం బంద్ చేయండి’ అన్నాడు. రెండు నెలలుగా రాయిస్తున్నాను, మార్కులు మాత్రం పెరగలేదు. నాకు మరాఠీ లెక్కల మాటలు తెలియవు. నేనేం నేర్పగలను? వచ్చే ఏడాది స్కాలర్‌షిప్ పరీక్ష రాయిద్దామని మా ఆయన ఆశ. పేపర్ ఫొటో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి రెండుసార్లు చూశాను. ఇరవైకి ఆరు అని ఎర్ర సిరాతో వేసిన మార్కు కంటే దాని కింద మీ బాబు చేసిన తప్పులు నాకు ఎక్కువ విషయం చెప్పాయి. 7ను 9తో గుణిస్తే 36 అని రాశాడు. 612ను 6తో భాగిస్తే 12 అన్నాడు. అరకు పావు కలిపి ఆరింట రెండు అన్నాడు. ఈ మూడు తప్పులకు కారణాలు మూడు రకాలు. ఎక్కాలు ఇరవై దాకా రాయించడం ఈ మూడింటిలో ఒక్కదానికీ మందు కాదు. రెండు నెలలు రాయించినా మార్కులు పెరగకపోవడానికి కారణం ఇదే. మీ శ్రమలోనూ పిల్లాడి బుర్రలోనూ లోపం లేదు.

మొదటి తప్పు చూడండి. ఈ రాత్రి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో ‘ఏడు తొమ్మిదులు?’ అని అడగండి. అరవై మూడు అంటాడని నా నమ్మకం. తర్వాత మరాఠీలో అడగండి. ‘సాత్ నవ్వే త్రేసష్ట్’ అని టకటకా చెబుతాడు. అదీ సరైనదే. ఇప్పుడు ఆ ‘త్రేసష్ట్’ను కాగితం మీద రాయమనండి. అక్కడే చేయి తడబడుతుంది. ‘త్రే’ ముందు వినపడింది కాబట్టి ముందు 3 వేస్తాడు, ‘సష్ట్’లోని అరవై కోసం తర్వాత 6 వేస్తాడు, 36 అవుతుంది. మన తెలుగులో ‘అరవై మూడు’ అంటే ముందు పదులు, తర్వాత ఒకట్లు. చెవికి వినపడిన వరసలోనే చేతికి రాత వస్తుంది. మరాఠీలో ఒకట్లు ముందు, పదులు తర్వాత. పైగా 29ని ‘ఏకోణతీస్’ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ‘తీస్’ వినపడగానే పిల్లాడు 3 వేసేస్తాడు. 39, 49, 59, ఇలా 89 దాకా ఇదే పద్ధతి. 99కి వచ్చేసరికి మళ్లీ మారిపోయి ‘నవ్వ్యాణ్ణవ్’ అవుతుంది.

ఇది మన పిల్లల ఒక్కరి కష్టమే కాదు, ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లలకూ ఉంది. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి తన రెండో తరగతి గణితం పుస్తకంలో 21ని ‘వీస్ ఏక్’ అని కూడా చదవవచ్చని పెట్టారు. అప్పుడు బాలభారతి గణితం కమిటీకి గణితవేత్త మంగళా నారళీకర్ అధ్యక్షురాలు. ఒత్తులతో కలిసిపోయిన పేర్లు చిన్నపిల్లలకు భారమవుతాయని ఆమె వాదన. దాని మీద రాష్ట్రమంతా చర్చ లేచి శాసనసభ దాకా వెళ్లింది. నాకైతే ఆ మార్పు నచ్చింది. అయినా బజారులో, బస్సులో, పై తరగతుల్లో పాత పేర్లే నడుస్తాయి కాబట్టి మీ బాబుకు అవి తప్పవు.

నాకూ ఇదే జరిగింది. నాలుగో తరగతిలో గురూజీ సంఖ్యలు చెబుతుంటే ‘ఛత్తీస్’ (36)కు 63 రాశాను. బెత్తంతో అరచేతి మీద మూడు దెబ్బలు పడ్డాయి. దెబ్బల కంటే, ఎందుకు కొట్టారో నాకు తెలియకపోవడం ఎక్కువ నొప్పిగా ఉండేది. నేను విన్నదే రాశాననుకున్నాను. ఆ తర్వాత ఈ తాలూకా బళ్లలోనే ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, ఏటా కనీసం ముగ్గురు నలుగురు పిల్లల్లో నన్ను నేను చూసుకున్నాను.

దీనికి సాధన చాలా చిన్నది. రోజూ ఐదు నిమిషాలు మీ ఆయన గాని, ఇంట్లో మరాఠీ బాగా వచ్చిన వాళ్లెవరైనా గాని పది సంఖ్యలు మరాఠీలో చెప్పాలి. వాడు వెంటనే రాయకూడదు. ముందు తెలుగులో పైకి అనాలి, తర్వాతే రాయాలి. ‘బాహత్తర్’ అనగానే ‘డెబ్బై రెండు’ అని, అప్పుడు 72. ‘సత్తావీస్’ అనగానే ‘ఇరవై ఏడు’ అని, అప్పుడు 27. తారుమారయ్యే జంటలను, ఏకోణ సంఖ్యలను ఎక్కువగా అడగండి. రెండు మూడు వారాలు గడిచాక తెలుగు మాటను మనసులో అనుకుని రాయమనండి. ఆ తర్వాత అనుకోవాల్సిన అవసరం కూడా దానంతట అదే పోతుంది.

కాబట్టి ఇంట్లో లెక్కల్లో తెలుగు బంద్ చేయమన్న మాట వినకండి. ఆ సార్ మంచికే చెప్పి ఉంటారు, కానీ వాడికి గట్టిగా ఉన్న ఒక్క మెట్టునే తీసేయమంటున్నారు. పిల్లాడు ఏ భాషలో ఆలోచిస్తే ఆ భాషలో లెక్క చేయనివ్వాలి, బడికి కావాల్సిన భాషలో జవాబు రాయడం దానికి అదనంగా నేర్పాలి. తెలుగుకు లెక్కలు కొత్త కూడా కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఇంకొక చిన్న మాట. వాడి పేపర్‌లో కొన్ని అంకెలు మరాఠీవి, కొన్ని మనం ఫోన్‌లో చూసేవి ఉన్నాయి. మరాఠీ 1 తొందరలో మన 9లా, మరాఠీ 4 మన 8లా కనపడుతుంది. తన రాతను తానే తప్పు చదువుకుని ఒక లెక్క పోగొట్టుకున్నాడు, ఐదో ప్రశ్నలో చూడండి. ఒక నోటుబుక్కులో ఒకే రకం అంకెలు వాడాలని ఇవాళే నియమం పెట్టండి. ఏవి వాడాలో బడిలో అడిగి తెలుసుకోండి.

ఇక ఎక్కాలు. రాయించవద్దు అంటున్నానంటే ఎక్కాలు అక్కర్లేదని కాదు, ఏడో తరగతికి అవి నాలుక చివర ఉండాలి. పిల్లలు ఏడో ఎక్కం ఎలా రాస్తారో ఒకసారి పక్కన నిలబడి గమనించండి. ముందు పైనుంచి కిందికి పది ఏడులు వేస్తారు. తర్వాత గుణకారం గుర్తులు పది. తర్వాత ఒకటి నుంచి పది. చివరికి జవాబుల్లో ఒక్కోసారి ఏడు కలుపుకుంటూ దిగుతారు. అందులో గుర్తు తెచ్చుకోవడం అన్నదే లేదు, నడుస్తున్నది కూడిక. చేయి అలిసిపోతుంది, బుర్రకు పని పడదు.

దాని బదులు లెక్క వేసి చూడండి. పది దాకా ఎక్కాల్లో గుణకారాలు నూరు. ఏడెనిమిదులైనా ఎనిమిదేడులైనా యాభై ఆరే కాబట్టి అవి యాభై ఐదుకు తగ్గుతాయి. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు ఏ పిల్లాడికైనా వస్తాయి, వాటిని తీసేయండి. మిగిలేవి 21. అంతే అమ్మా, ఇరవై ఒకటి. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, ఆ అట్టలు కత్తిరించి ఒక పక్క ‘6 × 8’ అని, వెనక 48 అని రాయండి. 21 ముక్కలు చాలు. చూపించగానే మూడు అంకెలు లెక్కపెట్టేలోపు చెబితే ఒక కుప్ప, ఆలోచించి చెబితే ఇంకో కుప్ప. రెండో కుప్పలోవి రోజూ తీయండి, మొదటి కుప్పను మూడు నాలుగు రోజులకోసారి. నా అనుభవంలో చివరిదాకా మొండికేసేవి ఆరేడు ముక్కలే: 6×7, 6×8, 7×8, 8×8, అలాంటివి. తొమ్మిదో ఎక్కంలో తడబడితే పదింతలు చేసి ఒకసారి తీసేయమనండి. ఎనిమిది పదులు ఎనభై, ఎనిమిది తీస్తే డెబ్బై రెండు.

రెండో తప్పు, 612ను 6తో భాగిస్తే 12 రావడం. ఇక్కడ ఎక్కం రాకపోవడమేమీ లేదు. వందల్లో 6లో 6 ఒకసారి పోయింది, 1 వేశాడు. పదుల్లోని 1ని దించాడు, అందులో 6 పోదు. పోదు కాబట్టి ఏమీ వేయకుండా పక్కనున్న 2ను కూడా దించేశాడు, 12లో 6 రెండుసార్లు అని 2 వేశాడు. పదుల స్థానంలో పడాల్సిన సున్నా గల్లంతయింది, 102 కాస్తా 12 అయింది. అంకెను దించిన ప్రతిసారీ పైన ఏదో ఒక అంకె పడాలి, పోకపోతే సున్నా పడాలి. ఈ ఒక్క మాట వాడి నోటితో అనిపిస్తూ 408÷4, 515÷5, 824÷8 లాంటివి రోజుకు రెండు చేయించండి. గళ్ల కాగితం మీద గడికో అంకె వేయిస్తే ఇంకా మంచిది.

అంతకంటే ముఖ్యంగా, భాగహారం మొదలుపెట్టే ముందు ‘అందాజుగా ఎంత వస్తది?’ అని అడగండి. ఆరు వందలను ఆరుగురికి పంచితే మనిషికి వంద. అది ముందే నోటి మీద ఉంటే కాగితం మీద 12 వచ్చినప్పుడు వాడికే అనుమానం వస్తుంది. దుకాణంలో మీ ఆయన ఇదే చేస్తాడు. చీటీ మొత్తం కూడకముందే సరుకు చూసి నాలుగు వందల దాకా అవుతుందని ఆయనకు తెలుస్తుంది.

భాగహారం రాకపోవడం గురించి మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే ‘అసర్’ సర్వే ఉంది. 2024లో వాళ్లు చూసినప్పుడు దేశంలోని పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన వాళ్లు సగానికి తక్కువే. మీ బాబు పద్ధతి అంతా సరిగ్గా చేసి ఒక్క సున్నా దగ్గర జారాడు.

మూడో తప్పు దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు లెక్కల మీద ఆశ వదులుకునే చోటు ఇదే, భిన్నాలు. వాడు పైన 1, 1 కలిపి 2 వేశాడు, కింద 2, 4 కలిపి 6 వేశాడు. భిన్నమంటే ఒక సంఖ్య అని వాడికి ఇంకా తట్టలేదు. ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు సంఖ్యలుగా చూస్తున్నాడు.

వాడిని ఒక సాయంత్రం దుకాణంలో కూర్చోబెట్టండి. తక్కెడలో అరకిలో పెసరపప్పు పోయించండి. దానికి పావుకిలో కలపమనండి. ఎంతయిందని అడిగితే ముప్పావుకిలో అని ఆలోచించకుండా చెబుతాడు. అప్పుడు వాడి పేపర్ చూపించండి. ఆరింట రెండు అంటే మూడింట ఒకటి, కిలోలో 333 గ్రాములు. ‘అరకిలోకు పావుకిలో కలిపితే అరకిలో కంటే తగ్గుతదా నాన్నా?’ అని మెల్లగా అడగండి. వాడు చాలాసేపు ఏమీ అనకుండా తక్కెడనే చూస్తాడు. మీరు మధ్యలో జవాబు అందించవద్దు. బళ్లో ఎన్నో సార్లు చూశాను, పిల్లాడు అలా నిశ్శబ్దంగా ఉన్న ఆ అర నిమిషంలో జరిగే పని నేను అరగంట బోర్డు మీద రాసినా జరిగేది కాదు.

తర్వాత గ్రాముల్లో రాయించండి. అర అంటే 500, పావు అంటే 250. అరలో పావులు రెండు. రెండు పావులకు ఒక పావు కలిస్తే మూడు పావులు. కింద ఉన్న 4 ‘ఏ రకం ముక్క’ అని చెబుతుంది, పైన ఉన్న 3 ‘ఎన్ని ముక్కలు’ అని చెబుతుంది. రకం ఒకటైతేనే ముక్కలు కలపగలం. కింది సంఖ్యలను కలపకూడదన్న నియమం ఇక బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

పావు, అరలు వచ్చాక సగానికి మూడో వంతు కలపమనండి. ఇక్కడ తక్కెడ సాయపడదు, గోడ గడియారం చూపించండి. గంటలో సగం 30 నిమిషాలు, మూడో వంతు 20 నిమిషాలు, కలిపితే 50 నిమిషాలు. పది నిమిషాల ముక్కలు గంటకు ఆరు, వాటిలో ఐదు వచ్చాయి. ఆరింట ఐదు. ఆ ఆరు ఎక్కడి నుంచి వచ్చిందంటే రెండుకూ మూడుకూ ఉమ్మడిగా దొరికే అతి చిన్న గుణిజం నుంచి. మీరు చదివిన క.సా.గు. అదే, వాడి పుస్తకంలో ‘లసావి’.

మరాఠీ మాటలు తెలియవని మీరు వెనక్కి తగ్గారు చూడండి, అది ఒక్క పేజీ పని. వాడి పుస్తకంలో అంశ్ అంటే మీ లవం, ఛేద్ అంటే మీ హారం. అపూర్ణాంక్ అంటే భిన్నం. మసావి అంటే గ.సా.భా. భాగాకార్, గుణాకార్ మీకు చెప్పక్కర్లేదు. బేరీజ్ అంటే కూడిక. మనం ‘బేరీజు వేసుకుని చూడు’ అంటామే, ఆ మాటే అది. వజాబాకీ అంటే తీసివేత. వజా, బాకీ రెండూ మీ దుకాణం పుస్తకంలో రోజూ పడే మాటలే. ఒక పేజీకి మధ్యలో గీత గీసి ఒక పక్క వాడి మాట, ఇంకో పక్క మీ మాట రాసి గోడకు అతికించండి. వాడి చేతనే రాయించండి, మీకు నేర్పిస్తున్నానన్న సంబరం వాడికి ఉండనివ్వండి.

ఏడో తరగతిలో ఋణ సంఖ్యల గుణకారం కూడా వస్తుంది. దానికీ మీ ఖాతా పుస్తకమే చాలు. మూడు రూపాయల బాకీలు రెండు పడితే ఆరు బాకీ, అలాంటి బాకీలు రెండు మాఫీ చేస్తే ఆరు లాభం. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యల నియమాలు రాసినప్పుడు వాడిన మాటలు ధనం, ఋణం. అవే మన పుస్తకాల్లోనూ మరాఠీ పుస్తకాల్లోనూ ఉన్నాయి.

లెక్కలో ఏది ముందు చేయాలో గుర్తుకు బడిలో నేర్పే ‘కంచేభాగుబేవ’ దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. అందులో ‘బే’ (బేరీజ్) ముందు, ‘వ’ (వజాబాకీ) తర్వాత ఉన్నాయని పిల్లలు కూడిక ఎప్పుడూ ముందే చేస్తారు. 10 – 4 + 3ను 10 – 7 అనుకుని 3 రాస్తారు. సరైన జవాబు 9. కూడిక, తీసివేత ఒకే మెట్టు మీదివి, ఎడమ నుంచి వచ్చిన వరసలో చేయాలి. గుణకారం, భాగహారం కూడా అంతే.

రోజుకు ఎంతసేపు అంటారేమో. ఇరవై ఐదు నిమిషాలకు మించవద్దు, అది కూడా అన్నానికి ముందు. ఐదు నిమిషాలు చెవికి, ఐదు నిమిషాలు అట్టముక్కలకు, మిగతాది నాలుగే నాలుగు లెక్కలకు. ఆ నాలుగూ ఒకే రకం ఉండకూడదు. ఒక భాగహారం, ఒక భిన్నం, ఒకటి పోయిన వారంలోది, ఒకటి మాటల లెక్క. ఒకే రకం ఇరవై చేస్తే మూడోదాని నుంచి చేయి యంత్రంలా పోతుంది. పరీక్షలో కలగాపులగంగా వచ్చినప్పుడు ఏది ఎక్కడ వాడాలో తెలియదు. మాటల లెక్క మీరే కట్టండి. తునికాకు కాలంలో కట్టకు 70 ఆకులనుకుంటే 35 కట్టలకు ఎన్ని ఆకులు? వాడిని కూడా ఒకటి కట్టి మిమ్మల్ని అడగమనండి. ఆదివారం సెలవు ఇవ్వండి.

రబ్బరు మాత్రం దాచేయండి. తప్పును చెరపకుండా పక్కన ఒక గీత గీసి మళ్లీ చేయమనండి. వారం చివర ఆ తప్పులు చూసుకుంటే మీకే తెలుస్తుంది, చెవి తప్పా, సున్నా తప్పా, ముక్కల తప్పా అని. వచ్చే వారం సాధన దాన్నిబట్టి మార్చండి. ట్యూషన్ సార్‌కు కూడా ఆ పేజీలు చూపించండి, చూస్తే ఆయన కూడా ఒప్పుకుంటారు.

స్కాలర్‌షిప్ సంగతి. మీ ఆయన అనుకుంటున్నది ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ అయితే అది ఎనిమిదో తరగతిలో రాసేది. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. దానికి ఏడో తరగతి వార్షిక పరీక్షలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు ఉంది. కాబట్టి ముందు గట్టెక్కాల్సింది ఈ ఏడాది పరీక్ష. చదువు పేపర్‌లోని 90 ప్రశ్నల్లో గణితానికి 20 ఉంటాయి, ఆలోచనా శక్తి పేపర్‌లోనూ అంకెల వరసలు వస్తాయి. అన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవే. అందాజు అలవాటైన పిల్లాడు రెండు తప్పు జవాబులను చూడగానే కొట్టేస్తాడు. ఇప్పుడే గైడు పుస్తకాలు కొనవద్దు, దసరా దాకా ఈ సాధన సాగనివ్వండి.

చివరగా ఒకటి గమనించండి. నేను చెప్పినదంతా వాడు విని రాసేటప్పుడు అంకెలు తిప్పేస్తున్నాడన్న అంచనా మీద చెప్పాను. పుస్తకంలో 63 కనపడుతుంటే చూసి ఎక్కించుకునేటప్పుడు కూడా 36 వేస్తున్నాడా, బోర్డు మీది లెక్కలు తప్పుగా ఎక్కించుకుని వస్తున్నాడా అన్నది ఒక వారం చూడండి. అలా ఉంటే ముందు సిరోంచ ఆసుపత్రికి తీసుకెళ్లి కళ్లు చూపించండి. బడిలో మొదటి వరసలో కూర్చోబెట్టమని అడగండి. కళ్లు బాగానే ఉండి కూడా చూసి రాసేటప్పుడు అలాగే జరుగుతుంటే, వాడి నోటుబుక్కులో ఓ నాలుగు పేజీలు ఫొటో తీసి నాకు మళ్లీ రాయండి.